వెనక్కి చాచిన చెయ్యి

తెల్లవారి నమాజు ముగించుకుని మున్వర్ వరండాలో చతికిలబడ్డాడు. వీపు సంచిని ఒళ్లో పెట్టుకుని అందులోకి బెల్లం అచ్చులు సర్దసాగాడు. ఒక్కో అచ్చుకూ పాత పేపరు చుట్టి, అవి లోపల దొర్లకుండా మధ్యలో తువ్వాలు కుక్కుతున్నాడు. బెల్లం వాసన ఎక్కడినుంచి పట్టాయో గానీ, చీమలు అప్పటికే గడప దాటి బారులు కట్టాయి.

నులకమంచం మీదనుంచి తల్లి బీబీజాన్ ఈ తతంగమంతా చూస్తోంది. చూసి ఊరుకునే మనిషి కాదు ఆమె.

“మీ నాయన దూది మోసుకోని ఊరూరు తిరిగినాడు. పొద్దు గుంకేలోపల నాలుగు పరుపులన్నా ఏకి వచ్చేటోడు. నువ్వు బెల్లం మోసుకోని పోతావు, మళ్లా ఆ బెల్లమే ఇంటికి తెస్తావు. ఇదేం యాపారమో నాకైతే తెలీదప్పా.”

“యాపారం కాదుమా. వీపుకు బరువు అలవాటు చేస్తాండా.”

“ఇన్నేండ్లూ మోయలేదా ఏమి?”

“మోసినా. ఊళ్లోవాళ్ల పెండ్లిండ్లు మోసినా. ఈసారి నాకోసరం మోస్తాండా.”

లోపలినుంచి భార్య షాహిస్తా బొరుగుల ఉగ్గాని ప్లేటు తెచ్చి అతని ముందు పెట్టింది. పైన రెండు మిరపకాయ బజ్జీలు. మున్వర్ బజ్జీలవైపు చూసి మొహం తిప్పుకున్నాడు. షుగరు కనపడిందని డాక్టరు బెదిరించినప్పటినుంచి నూనె మానేశాడు, అన్నం సగం చేశాడు. పొట్ట చాలావరకు తగ్గింది. పాత ప్యాంట్లకు బెల్టు రెండు బెజ్జాలు లోపలికి వెళ్లింది. ఆ సంగతి కనపడ్డవాళ్లందరికీ చెప్పుకున్నాడు కూడా.

“బజ్జీలు మీ అమ్మకు. ప్లేటు ఆయమ్మకియ్యి, నీకు వేరేది తెస్తి” అంటూ షాహిస్తా ఇంకో ప్లేటు అందించింది.

అతని కళ్లు ఆమె చేతిమీద పడ్డాయి.

“ఎడమ చేత్తో పెడ్తావేమే? తినే అన్నం. అంతమాత్రం తెలీదా?”

షాహిస్తా ఉలిక్కిపడింది. ప్లేటు కింద పెట్టి, కుడిచేతిని పక్కకు ఆనించుకుని, మోచెయ్యి కదలకుండా మణికట్టుతోనే దాన్ని అతనివైపు జరిపింది.

“మర్చిపోతి” అంది.

“మర్చిపోతావు. ధర్మవరం పోయొచ్చినప్పటినుంచి ధ్యాసే లేదు నీకు. కూతురి దగ్గరికి పోయి ఏం మాటలు మోసుకొచ్చినావో ఏమో.”

బీబీజాన్ ఏదో అనబోయింది. షాహిస్తా ఆమెవైపు చూసి కళ్లతోనే వద్దంది. ముసలామె నోట్లో మాటను బజ్జీతో కలిపి నమిలేసింది.

*

మున్వర్ ఏడో తరగతితో బడి మానేశాడు. మానేశాడనడం కంటే మాన్పించారనడం నిజం. హిందూపురం బజారులో ఒక స్టూడియోలో ఫోటోలు కడిగే పనికి చేరాడు. చీకటి గదిలో మందునీళ్లలో చేతులు నానిపోయేవి. ఆ స్టూడియో గోడకు ఒక పరదా ఉండేది. దానిమీద ఎవరో పెయింటరు మంచుకొండలు గీశాడు. కొండల ముందు నీలం చెరువు, చెరువు గట్టున ఒక జింక. ఊళ్లో సగంమంది ఆ జింక పక్కనే నిలబడి ఫోటోలు దిగారు. తర్వాత మున్వర్ సొంతంగా స్టూడియో పెట్టినప్పుడు, ఆ ముసలి ఓనరు ఆ పరదాను ఊరికే ఇచ్చాడు. రంగులు వెలిసిపోయినా మున్వర్ దాన్ని తీసేయలేదు.

జీవితమంతా ఒక్క ఫోటో కూడా తనకోసం తీసుకోలేదని అతని కడుపుమంట. “తల వంచమ్మా, తాళి పైకి పట్టుకోప్పా, అత్తగారు రోంత నవ్వల్ల” అంటూ ఎవరెవరి సంతోషాలకో కన్ను మూసి తెరిచాడు. ఇప్పుడు ఆ పెళ్లిళ్లు కూడా రావడం లేదు. బెంగళూరునుంచి కుర్రాళ్లు డ్రోనులు పట్టుకుని దిగుతున్నారు. మిగిలినవాళ్లకు ఫోనులే చాలు. అతని మాటలో పులుపు ఎక్కువైంది. ఎవరు పలకరించినా, “బాగుండేదానికి ఏముండాది లేప్పా” అనేవాడు.

అలాంటప్పుడు ధర్మవరంలో నర్సుగా పనిచేస్తున్న కూతురు నిషాత్ ఫోనులో ఒక ప్రకటన పంపింది. బెంగళూరువాళ్ల గుంపు ఒకటి మంచుకొండల్లో నడకకు తీసుకుపోతుంది. కెమెరాలవాళ్లకు ప్రత్యేకం. “పరదాలో చూసిందే చూస్తావా నాయనా? పోయి నిజంది చూడు” అంది. ఒకటే షరతు. గుర్రాలు లేవు, కూలీలు లేరు. ఎవరి సంచి వాళ్లే మోయాలి. సంచి ఎనిమిది కిలోలు దాటకూడదు. ముందుగా పెనుకొండ కొండ ఎక్కించి చూస్తారు. నెగ్గినవాళ్లకే చోటు.

మున్వర్‌కు పూనకం వచ్చింది. రోజూ స్టేషను వంతెన మెట్లు ఎక్కి దిగాడు. స్టూడియో ముందు గుంజీలు తీశాడు. బజారువాళ్లు, “ఏ దేవునికప్పా మొక్కుబడి?” అని నవ్వారు. నవ్వనీ అనుకున్నాడు. పళ్ల బ్రష్షు పిడిని సగానికి కోశాడు. స్టీలు చెంబు తీసేసి ప్లాస్టిక్ సీసా పెట్టాడు. ప్యాంట్లు ఒకటికి తగ్గించాడు. సంచికున్న పనికిరాని పట్టీలను బ్లేడుతో కత్తిరించాడు.

అయినా కెమెరా సామాను సామానే. రెండో కెమెరా, పెద్ద లెన్సు, ఇనుప ట్రైపాడ్, బ్యాటరీలు. ఒకసారి ముహూర్తం సమయానికి కెమెరా మొరాయించి, పెళ్లివాళ్ల చేత నానా మాటలు పడినవాడు. రెండోది లేకుండా గడప దాటలేడు.

ఆదివారాలు పెనుకొండకు రైల్లో పోయి కొండ ఎక్కేటప్పుడు షాహిస్తాను తోడు తీసుకుపోయేవాడు. ఆమె గుడ్డసంచిలో నీళ్లు, అన్నం తెచ్చేది. మొదటివారం సగం దారిలో ఊపిరి ఆడక, “దీన్ని రోంతసేపు పట్టుకో, పైన తీసుకుంటా” అని ట్రైపాడ్ ఇచ్చాడు. పైన తీసుకున్నాడు, దిగేటప్పుడు మళ్లీ ఇచ్చాడు. రెండోవారం పెద్ద లెన్సు. ఆ తర్వాత ఇంట్లోనే అవి ఆమె సంచిలోకి వెళ్లిపోవడం మొదలైంది. ఎవరు పెట్టారంటే, అతనే పెట్టాడు. ఎప్పుడు పెట్టాడంటే, అతనికే గుర్తు లేదు.

ఇది వాళ్లకు కొత్త కాదు. పెళ్లయిన ఏడాదినుంచీ షాహిస్తా అతని వెనకాలే. లైటు పట్టుకోవడం, గొడుగు తిప్పడం, బ్యాటరీ పెట్టె మోయడం అంతా ఆమే. మున్వర్ కంటికి కెమెరా ఆనించి, వెనక్కి చూడకుండా చెయ్యి చాచేవాడు. ఏది కావాలో చెప్పే పని లేదు. ఆ చేతిలోకి అది వచ్చి పడేది. “మీ ఆవిడకు నీ వీపు మీద కూడా కండ్లుండాయప్పా” అని పెళ్లిళ్లలో అనేవారు. మున్వర్ అది తన గొప్పే అనుకునేవాడు.

ఆ శనివారం ఉగ్గాని తిని, బెల్లం మోత ముగించుకుని, సంచిలో అసలు సామాను సర్దుకుని మండీకి పోయాడు. అక్కడి వ్యాపారి హనుమప్ప ఆ సంచిని బెల్లం తూచే కాటా మీద పెట్టాడు. మొదట్లో పద్నాలుగు చూపిన సంచి ఇప్పుడు ఏడున్నర చూపింది.

“అబ్బా! సగానికి దించినావే” అన్నాడు హనుమప్ప. “మిగతా సగం యాడికి పోయిందప్పా?”

“అనవసరమైనవన్నీ తీసేస్తి.”

“తీసేసి యాడ పెడితివి? మాకూ చెప్పు. మా ఇంట్లో కూడా అట్లాంటివి శానా ఉండాయి.”

ఇద్దరూ నవ్వుకున్నారు. మున్వర్ ఇంటికొచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

*

ఆదివారం పెనుకొండ కొండ కింద బెంగళూరు బండ్లు ఆగి ఉన్నాయి. గుంపును నడిపించే మనిషి హేమలత. ముప్పై దాటి ఉంటుంది, అనంతపురం పిల్ల. బెల్టుకు వేలాడే చిన్న కొక్కెం కాటాతో ఒక్కొక్కరి సంచీ ఎత్తి తూచింది. బెంగళూరు కుర్రాళ్ల సంచులు పది, పదకొండు చూపుతుంటే, రోడ్డు పక్కనే విప్పి సబ్బులు, చెప్పులు బయట పడేయించింది. మున్వర్ సంచి ఎత్తి కనుబొమ్మలు ఎగరేసింది.

“ఏడున్నర! చూడండి, సార్ దగ్గర నేర్చుకోండి మీరంతా. ఇంత బాగా ఎలా సర్దారు సార్?”

“చదువు లేకపోయినా బుర్ర ఉండాదిలేమ్మా” అన్నాడు మున్వర్. ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

“ఆంటీ కూడా ఎక్కుతారా?”

“ఊరికే తోడుకు వస్తాంది.”

షాహిస్తా కొంగు కప్పిన గుడ్డసంచిని ఎడమ భుజానికి మార్చుకుంది. ఆమె సంచిని ఎవరూ తూచలేదు. తూచాలని ఎవరికి తోస్తుంది?

మున్వర్ గుంపులో ముందు వరుసలో నడిచాడు. సగం వయసువాళ్లు నడుముమీద చేతులు పెట్టుకుని రొప్పుతుంటే వాళ్లను దాటిపోయాడు. వంతెన మెట్లు, గుంజీలు, మానేసిన బజ్జీలు అన్నీ కాళ్లలో పనిచేస్తున్నాయి. హేమలత అందరికంటే వెనక, కడపటి మనిషితో నడుస్తోంది. ఆ కడపటి మనిషి ఎవరో మున్వర్ తిరిగి చూడలేదు.

కూలిన కోట వాకిలి దగ్గరకు వచ్చేసరికి ఎండ ఏటవాలుగా పడుతోంది. రాళ్ల సందులో మొలిచిన గడ్డి బంగారు తీగల్లా మెరుస్తోంది. కింద ఊరు, ఆవల చెరువు. మున్వర్ ఊపిరి బిగబట్టాడు. ఇది ఎవరి పెళ్లీ కాదు. ఇది తనది. కంటికి కెమెరా ఆనించి, ట్రైపాడ్ కోసం ఎడమచెయ్యి వెనక్కి చాచాడు.

చేతిలోకి ఏమీ రాలేదు.

వేళ్లు విసుగ్గా రెండుసార్లు ఆడించాడు. గాలి తప్ప ఏమీ తగల్లేదు. అప్పుడు కెమెరా దించి వెనక్కి తిరిగాడు.

కింద మలుపులో ఒక రాతిమెట్టు మీద షాహిస్తా కూర్చుని ఉంది. కుడిచెయ్యి ఒళ్లో పడి ఉంది, అది తనది కానట్టు. మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. పక్కన హేమలత మోకాళ్లమీద కూర్చుని నీళ్లు తాగిస్తోంది. మున్వర్ నాలుగు మెట్లు దిగి ఆగాడు.

హేమలత గుడ్డసంచిని పక్కకు జరపబోయి, బరువుకు తూలి, ఆగిపోయింది. బెల్టునుంచి కాటా తీసి కొక్కెం తగిలించింది.

“తొమ్మిది పైనే ఉంది” అంది మెల్లగా. “ఈ సంచి ఎవరిది ఆంటీ?”

షాహిస్తా తల ఎత్తి పైకి చూసింది. మొగుడూ పెళ్లాల చూపులు కలిశాయి. నిజం చెప్పేందుకు అంతకంటే మంచి గడియ మున్వర్‌కు మళ్లీ రాదు. నాలుక కదలలేదు. కళ్లముందు పరదాలోని మంచుకొండలు, నీలం చెరువు, జింక. అన్నీ ఆ ఒక్క మాటకు కరిగిపోతాయి.

“నాదేమ్మా” అంది షాహిస్తా.

“ఇంత బరువా? ఏముంది ఇందులో?”

“ఇంటి సామాన్లు. ఆడోళ్ల సంచి, ఏవో ఉంటాయి.” కొంగు లాగి సంచి మూతిమీద కప్పింది. ట్రైపాడ్ కాలు ఇంకా బెత్తెడు బయటికే ఉంది.

హేమలత ఆ కాలువైపు చూసింది. తర్వాత మున్వర్‌వైపు చూసింది. కాటాను మళ్లీ బెల్టుకు తగిలించుకుంది.

మున్వర్ గొంతు సవరించుకుని అన్నాడు: “రోంతసేపు కూర్చోని రా షాహిస్తా. తొందరేమీ లేదు.”

అని, వెనక్కి తిరిగి, పైకి ఎక్కిపోయాడు.

హేమలత షాహిస్తాను నడిపించుకుంటూ కిందికి తీసుకెళ్లి బాబయ్య దర్గా నీడలో కూర్చోబెట్టింది. సంచి తానే మోసింది. మధ్యాహ్నం అందరూ దిగి వచ్చాక పేర్లు చదివేటప్పుడు, “మున్వర్ గారు, మీకూ చోటుంది” అంది. పొద్దున్న ఉన్న నవ్వు ఆ గొంతులో లేదు. మున్వర్ అది వినపడనట్టు చప్పట్లు కొట్టాడు.

తిరుగు రైల్లో దారంతా మంచు గురించే మాట్లాడాడు. ఆగితే వేరే మాట వస్తుందని భయం. షాహిస్తా కిటికీకి తల ఆనించి, “ఊ” కొడుతూ కూర్చుంది.

*

ఇంటికి వచ్చేసరికి వరండాలో నిషాత్ చెప్పులున్నాయి. లోపల అవ్వ మంచం పక్కన కూర్చుని ఉంది. తల్లి మొహం చూడగానే లేచి వచ్చి, ఏమీ అడక్కుండా ఆమె కుడిచేతిని మెల్లగా పైకి ఎత్తబోయింది. భుజం ఎత్తుకైనా రాకముందే షాహిస్తా “అమ్మా” అని అరిచింది.

“పోయినావా కొండకి?” అంది నిషాత్. “వద్దని డాక్టరు ఎన్నిసార్లు చెప్పినాడు? లోటా నీళ్లు కూడా ఎత్తొద్దనె గదమ్మా!”

“ఈ ఒక్కసారికే లేమ్మే. మీ నాయనకు ఈ పొద్దే పరీక్ష.”

మున్వర్ బూట్లు విప్పుతున్నవాడు ఆగిపోయాడు. “డాక్టరేంది? ఎవరికి?”

“అమ్మకు. ధర్మవరం నన్ను చూడనీకి వచ్చిందనుకుంటివా? చెయ్యి చూపించుకోనీకి వచ్చింది. స్కానింగ్ తీస్తే భుజంలో కండ చిరిగింది. నువ్వు కండలు పెంచుతాండావే నాయనా, ఆమెకు చిరిగింది.”

“నాకు ఒక్కరన్నా చెప్పినారా?” మున్వర్ గొంతు పెంచాడు. తప్పు తనదని లోపల తెలిసిపోయినవాడు పెంచే గొంతు అది. “ఇంట్లో నేను పరాయోన్నా? నొప్పి ఉంటే నొప్పి అని చెప్పల్ల! బతుకంతా నలుగురికోసం చచ్చినా. ఒక్కటి, ఒక్కటి నాకోసరం చేసుకుంటాంటే దానికీ ఏడుపేనా?”

“చేసుకో, ఎవరొద్దన్నారు? ఆ నడక నీకు చూపించింది నేనే గదా!” నిషాత్ కళ్లలో నీళ్లు తిరిగాయి. “కానీ ఒక్కమాట చెప్పు నాయనా. ఆ మంచుకొండల్లో అమ్మ ఉండదు. ఆ సంచి ఆడ ఎవరి చేతికిచ్చేటోనివి?”

 

ఇన్ని నెలలు గుంజీలు తీసినవాడికి, బ్రష్షు పిడి కోసి గ్రాములు లెక్కపెట్టినవాడికి ఆ ప్రశ్న ఒక్కసారీ తట్టలేదు. చెయ్యి చాస్తే అందుతుంది. అక్కడా అందుతుంది. అతని ఒంటికి తెలిసిన లెక్క అది.

మంచం మీదనుంచి బీబీజాన్ అందుకుంది. “కావడి బరువు మోసేటోనికే ఎరుక అంటారు. మోపినోనికి యాడ తెలుస్తాదిలే. ఒరే మున్వరూ, నీ పెండ్లాం తల ఎవరు దువ్వుతాండారో తెలుసా నీకు? నేను. ఈ వణికే చేతుల్తో. జడ అల్లేకి రాక ముడి వేసి పంపిస్తాండా. నువ్వు ఎడమ చెయ్యి ఎడమ చెయ్యి అని కసిరితివే నిన్న...”

“అత్తా, వద్దు” అంది షాహిస్తా.

“వద్దు వద్దని నా నోరు కట్టేస్తివి. ఇంక నావల్ల కాదు.”

 గోడవారగా చీమలు బెల్లం ముక్కను లాక్కుపోతున్నాయి. మున్వర్ మెల్లగా భార్యవైపు తిరిగాడు.

“నాకేమిటికి చెప్పలేదే?”

 షాహిస్తా గొంతులో కోపం లేదు. కోపం ఉంటే అతనికి సులువయ్యేది.

“మోయమని నువ్వు ఏ పొద్దూ చెప్పలేదయ్యా. చెయ్యి చాపినావు, నేనిచ్చినా. ఇయ్యకుండా ఉండేది నాకు తెలీదు, తీసుకోకుండా ఉండేది నీకు తెలీదు. దానికేం. ఆ కొండలు నువ్వు చూస్తే చాలనుకుంటి.” ఆగింది. “నిన్న ఆ ఎడమ చెయ్యి మాట మాత్రం గుచ్చుకునింది. అది, ఈ పొద్దు ఆ మెట్టుమీద...”

మాట పూర్తి చేయలేదు. లేచి వంటింట్లోకి పోయింది.

మున్వర్ మూలనున్న గుడ్డసంచి దగ్గరికి వెళ్లి, ఊరికే దాన్ని భుజానికి తగిలించుకున్నాడు. పట్టీ మెత్తటి పాత గుడ్డ. సన్నగా పేలికలా మెలిపడి చర్మంలోకి దిగింది. అతని వీపు సంచికి వెడల్పాటి దూది పట్టీలున్నాయి, నడుముకు బెల్టుంది, ఛాతీకి క్లిప్పుంది. అన్నీ ఏరికోరి తెప్పించుకున్నాడు. దీనికి ఇదొక్కటే పేలిక.

మండీలో హనుమప్ప అడిగిన మాటకు జవాబు ఇప్పుడు దొరికింది. సగం ఎక్కడికీ పోలేదు. బరువు తగ్గలేదు, భుజం మారింది.

*

పొద్దున్నే మున్వర్ హేమలతకు ఫోను చేశాడు. అవతల ఆమె “చెప్పండి సార్” అంది. 

“అమ్మా, నిన్న ఆ రెండో సంచి నాది. మా ఇంటామెది కాదు. దాంట్లో ఉండేదంతా నా సామానే.”

“తెలుసు సార్.”

“తెలిసీ నా పేరు చదివితివా?”

“మీరే చెప్తారేమోనని చూశాను. కొండమీద చెప్పుంటే బాగుండేది.” మళ్లీ అంది: “ఈసారికి మీ చోటు ఇంకొకరికి ఇవ్వాలి సార్. వచ్చే ఏడు మళ్లీ రండి. నిజం బరువుతో రండి.”

“నువ్వు చేసింది న్యాయమే” అన్నాడు మున్వర్. ఫోను పెట్టేశాక చాలాసేపు అరచేతిని చూసుకుంటూ కూర్చున్నాడు. ఆ చెయ్యి ఎన్ని పెళ్లిళ్లలో ఎన్నిసార్లు వెనక్కి పోయిందో. ఒక్కసారన్నా దాని వెనకే తల తిరగలేదు.

వరండాలో బీబీజాన్ కోడల్ని ముందు కూర్చోబెట్టుకుని దువ్వెన అందుకుంది. చేతులు వణికి దువ్వెన జారి కింద పడింది. మున్వర్ వచ్చి దాన్ని తీసుకున్నాడు.

“లెయ్‌మా. నేను దువ్వుతా.”

“నీకేం తెలుసురా దువ్వేది?”

“ఎన్ని జడలు సరిచేయించినా పెండ్లిండ్లలో!”

“చేయించినావు. చేసింది అది.” అంటూనే ముసలామె జరిగి చోటిచ్చింది. “ఆ బెల్లమన్నా డబ్బాలో పెట్టు. పాయసానికన్నా పనికొస్తాది. ఊరంతా తిరిగొచ్చిన బెల్లం.”

షాహిస్తా బిగుసుకుపోయి కూర్చుంది. “వద్దయ్యా, ఎవరన్నా చూస్తే నవ్వుతారు.”

“గుంజీలు తీసినప్పుడు నవ్వలేదా? నవ్వనీలే.”

జుట్టు విప్పి పక్కకు తీశాడు. రవిక అంచు దగ్గర, మెడకూ భుజానికీ మధ్య, ఒక నల్లటి గీత కనిపించింది. వేలు పెడితే కొంచెం లోతు తగిలింది. ఈ నెలల్లో పడిన గీత కాదది. లైట్ల బ్యాటరీ పెట్టె, ఆ పెట్టె పట్టీ, ఎండాకాలం పెళ్లిళ్లు, తలుపుల ఊరినుంచి తనకల్లుదాకా ఎక్కి దిగిన బస్సులు, అన్నీ కలిసి ఎప్పుడో గీసిన గీత. ఇన్నేళ్లు వెలుతురు ఎటునుంచి పడుతోందో చూసినవాడు, ఆ వెలుతురు ఎవరి భుజంమీద నిలబడిందో చూడలేదు.

దువ్వెన ఆగిపోయింది.

“నొస్తాందా?” అన్నాడు. 

“అది పాతది. దానికి నొప్పి లేదు.”

అదే అతనికి ఎక్కువ నొప్పి పెట్టింది. కళ్లు తుడుచుకోడానికి చేతులు ఖాళీ లేక, కారిన నీళ్లు కారినట్టే ఉండనిచ్చాడు. మూడు పాయలు తీసి అల్లడం మొదలుపెట్టాడు. ఒకసారి తప్పిపోయింది. విప్పి మళ్లీ అల్లాడు. వంకరగా వచ్చింది గానీ జడే వచ్చింది.

“వచ్చే ఏడు నువ్వు పో” అంది షాహిస్తా, వీధివైపు చూస్తూనే. “ఒక్క కెమెరా తీసుకోని పో. అది చెడిపోతే ఊరికే చూసి రా. కండ్లు ఉండాయి గదా.”

“నువ్వు రావా?”

“వస్తా. ఉత్త చేతుల్తో వస్తా.”

అది అలిగి అన్నదో, నవ్వి అన్నదో అతనికి తెలియలేదు. మొహం కనపడటం లేదు. ఇన్నేళ్లూ తన మొహం కూడా ఆమెకు ఇలాగే కనపడలేదు కాబోలు అనుకున్నాడు.

జడ కొసకు వచ్చింది. షాహిస్తా దాన్ని ముందుకు వేసుకుని, తల తిప్పకుండానే, కొసకు కట్టే రబ్బరుబ్యాండు కోసం ఎడమచెయ్యి వెనక్కి చాచింది.

మున్వర్ ఆ చెయ్యికోసమే చూస్తున్నాడు. అది గాల్లో ఒక్క క్షణమైనా ఖాళీగా నిలవకముందే, రబ్బరుబ్యాండు ఆ అరచేతిలో పెట్టాడు.